ధరల మీదే కోపమా?

ప్రశ్న: డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాను సార్. ఇంట్లో చూసినా, టీ అంగడి దగ్గర చూసినా నూనె రేటు, ఉల్లిగడ్డ రేటు అనే తిట్టుకుంటారు. నాలాంటోళ్లకు పని లేదని ఎవరికీ కోపం రాదేం?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: రాకేం బాబూ, వస్తుంది, కాకపోతే గడప దాటదు. నూనె రేటు పెరిగితే ఊరంతటికీ ఒక్కసారే తగులుతుంది, కొట్టు దగ్గర పక్కనున్న ఎవరితోనైనా కలిసి తిట్టొచ్చు, అందులో నామోషీ లేదు. కొడుక్కి ఉద్యోగం లేదన్నది అలా కాదు. చుట్టాలొచ్చి అడిగితే వాళ్లమ్మే "గ్రూప్స్‌కు ప్రిపేరవుతున్నాడు" అని మాట మార్చేస్తుంది.

బాధ లెక్కకొస్తే మాత్రం నీదే పెద్దది. యూరప్, అమెరికా ప్రజల సంతృప్తి సర్వేలు ముందేసుకుని డి టెల్లా, మెక్‌కల్లక్, ఆస్వాల్డ్ అనే ఆర్థికవేత్తలు 2001లో తేల్చిందేమిటంటే, నిరుద్యోగం ఒక శాతం పాయింటు పెరిగితే కలిగే బాధ, ద్రవ్యోల్బణం, అంటే ధరలు పెరిగే వేగం, 1.7 పాయింట్లు పెరిగినప్పటి బాధతో సమానం. అయినా మన దగ్గర 2016లో చట్టం మార్చి రిజర్వ్ బ్యాంకుకు పెట్టిన లక్ష్యం ధరల మీదే: 4 శాతం, అటూ ఇటూ 2. ఉద్యోగాలకు అలాంటి అంకె లేదు. అమెరికాలో మన రిజర్వ్ బ్యాంకు లాంటి ఫెడరల్ రిజర్వ్‌కు 1977 చట్టం ధరలు, ఉద్యోగాలు రెండు బాధ్యతలూ అప్పగించింది.

ఇంకోటి, పనిలేనివాళ్ల లెక్కే చిన్నగా కనబడుతుంది. మీ పక్కన కోసిగి వైపు ముసలోళ్లను ఇంటికాడ వదిలి, పిల్లల్ని బడి మాన్పించి సుగ్గికని, అంటే కోతల కాలం వలసకని, గుంటూరు మిరప చేలకు పోతారు కదా, కేంద్రం చేసే శ్రామిక సర్వేలో ఏడాది మొత్తమ్మీద 30 రోజులు పని చేసినా పనిలో ఉన్నవాళ్ల కిందే రాసుకునే పద్ధతి ఒకటుంది. ఇక వాళ్లు నిరుద్యోగులెట్లా అవుతారు!

ధరల మీద కోపమూ అందరిదీ ఒకటి కాదులే. కర్నూలు యార్డుకు ఉల్లిగడ్డ తెచ్చిన రైతు రేటు పెరగాలనే మొక్కుకుంటాడు, పడిపోయిన ఏడాది కోత కూలి కూడా రాదని చేనును గొర్రెలకు వదిలేస్తాడు.

ప్రశ్న: ద్రవ్యోల్బణం తగ్గిందని వార్తల్లో చెప్తారు, అంగడిలో ఒక్క రూపాయీ తగ్గదు. అబద్ధమా?
– ఒక గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: అబద్ధం కాదమ్మా. తగ్గింది ధర కాదు, పెరిగే వేగం. 100 రూపాయల సరుకు ఏడాదిలో 108 అయి, మరుసటేడు 112 అయితే ద్రవ్యోల్బణం 8 శాతం నుంచి 4 లోపుకు దిగినట్టే. మీరు కొట్లో ఇచ్చేది మాత్రం 112.