సస్టెయినబిలిటీ ఎంబీఏకి ముందు ఒక కరెంటు బిల్లు

ప్రశ్న: మా అమ్మాయి బీకాం ఆఖరి సంవత్సరం. సస్టెయినబిలిటీలో ఎంబీఏ చేసి, పెద్ద కంపెనీలో ఆ విభాగాన్ని నడిపే స్థాయికి వెళ్లాలంటోంది. సైన్సు చదవని పిల్లకు కుదురుతుందా? ఫీజుకు అప్పు చేయాలి. – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: కుదురుతుంది. బీకాం ఇక్కడ కలిసొచ్చే చదువే. పర్యావరణం, సమాజం మీద కంపెనీ ప్రభావాన్ని చూసే ఈ ఉద్యోగంలో మొదటి నాలుగైదేళ్లూ లెక్కలు రాయడం, వాటికి రుజువులు పెట్టడంతోనే సరిపోతుంది. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక (వాడిన కరెంటు, నీళ్లు, వదిలిన కర్బన ఉద్గారాల వంటి అంకెలుండేది) ఇవ్వడాన్ని 2022-23 నుంచి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తప్పనిసరి చేసింది. అందులోని కీలక అంకెలను బయటివాళ్లు తనిఖీ చేయాలన్న నిబంధన 2023-24లో 150 కంపెనీలతో మొదలైంది, ఏటా పెరుగుతోంది. ఓచర్ లేని అంకె ఆడిట్‌లో నిలవదని బీకాం పిల్లకు వేరే చెప్పక్కర్లేదు కదా.

ఫ్యాక్టరీ కరెంటు బిల్లునే తీసుకోండి. మన రెండు రాష్ట్రాల్లో హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ) కనెక్షన్లకు డబ్బు వేసేది కేవీఏహెచ్ మీద, అంటే లైన్‌లోంచి లాగిన మొత్తం మీద. ఉద్గారాల లెక్కకు కావలసింది కేడబ్ల్యూహెచ్, అంటే నిజంగా పనికి వాడిన యూనిట్లు. కొత్తవాళ్లు డబ్బు కట్టిన అంకెనే ఎత్తి రాసేస్తారు. నెలకు లక్ష కేవీఏహెచ్, పవర్ ఫ్యాక్టర్ (అందులో పనికి వాడిన వంతు) 0.95 అయితే అసలు వాడకం 95,000 యూనిట్లు. యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున 66.5 టన్నులు. (కచ్చితమైన అంకెను కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ప్రకటిస్తుంది, ఏ ఏడాదికి ఆ ఏడాదిదే వాడాలి.) తప్పు అంకె వేస్తే 70 టన్నులు. ఒక్క నెలలో, ఒక్క బిల్లులో మూడున్నర టన్నులు తేడా!

జనరేటర్ డీజిల్‌తో ఇంకో తిప్పలు. కొన్నదంతా కాల్చినట్టు రాసేస్తారు. ఓపెనింగ్ స్టాకు 500 లీటర్లు, కొన్నది 8,000, క్లోజింగ్ స్టాకు 1,500 అయితే కాల్చింది 7,000. లీటరుకు 2.7 కిలోల చొప్పున దాదాపు 19 టన్నులు. ఇది మీ అమ్మాయి మొదటి సంవత్సరంలోనే నేర్చుకున్న లెక్క.

అసలు కష్టం అంకెలు రాబట్టడంలో ఉంది. బిల్లు అకౌంట్స్‌లో ఉంటుంది, డీజిల్ రిజిస్టరు స్టోర్స్‌లో, నీళ్ల మీటరు మెయింటెనెన్స్ వాళ్ల దగ్గర. వీళ్లెవరూ మీ అమ్మాయి మాట వినాల్సిన అవసరం లేదు. ఏప్రిల్‌లో ఖాళీ షీటు పంపి పన్నెండు నెలల అంకెలు అడిగితే ఉజ్జాయింపుగా ఏదో నింపి పంపుతారు. స్టోర్ కీపర్ పక్కన ఓ పూట కూర్చుని, ఆయన రోజూ రాసే రిజిస్టర్లోనే ఒక గడి అదనంగా గీయించుకుంటే నెలనెలా అంకె వస్తుంది. ఈ రంగంలో నాయకత్వం అంటే ముందు ఇదే. వేదికల మీద కనిపించేది చాలా తర్వాత.

కంపెనీల మధ్య సహకారమూ ఇలా ఇతరుల నుంచి అంకెలు రాబట్టాల్సిన అవసరంలోంచే పుట్టింది. రసాయనాల రంగంలో బీఏఎస్‌ఎఫ్, బేయర్, హెంకెల్ సహా ఆరు కంపెనీలు 2011లో ‘టుగెదర్ ఫర్ సస్టెయినబిలిటీ’ అనే కూటమి పెట్టుకున్నాయి. ఒక సప్లయర్‌ను ఒక సభ్యుడు ఆడిట్ చేయిస్తే ఆ నివేదిక మిగతావాళ్లకూ పనికొస్తుంది. అమ్మకాల్లో పోటీ, ఆడిట్‌లో పొత్తు. హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్లకు విదేశీ కొనుగోలుదారుల నుంచి ఇలాంటి తనిఖీల ప్రశ్నావళులు వస్తుంటాయి. చిన్న యూనిట్లలో వాటిని నింపడానికి ప్రత్యేకంగా మనిషి ఉండడం అరుదు. తను అడుగుపెట్టడానికి మంచి చోటు అదే.

అందుకే ఇప్పుడే అప్పు వద్దంటాను. ఒకే రంగంలోని రెండు కంపెనీల బీఆర్‌ఎస్‌ఆర్‌లు స్టాక్ ఎక్స్ఛేంజీ సైట్లో ఉచితంగా దొరుకుతాయి. అందులో ఆరో సూత్రం కింద పర్యావరణ అంకెలుంటాయి. రెండింటినీ ఎక్సెల్‌లో పక్కపక్కన పెట్టి, రూపాయి టర్నోవర్‌కు ఎవరెంత ఇంధనం వాడారో, తేడా ఎందుకొచ్చిందో రెండు పేజీలు రాయమనండి. ఉద్గారాలు లెక్కగట్టే పద్ధతి చెప్పే జీహెచ్‌జీ ప్రోటోకాల్ పుస్తకమూ ఉచితమే. స్కోప్ 1 (కంపెనీ నేరుగా వదిలేవి), 2 (కొన్న కరెంటు వల్ల వచ్చేవి), 3 (సప్లయర్లు, వాడకందారుల వంటి మిగతా చోట్ల వచ్చేవి) అందులో చదవాలి. వారాంతపు ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, పాలన) సర్టిఫికెట్లకు వేలు పోయకండి. ఆ రెండు పేజీలు చూపించి ఏదైనా ఆడిట్ సంస్థలోనో, ఫ్యాక్టరీ అకౌంట్స్‌లోనో రెండేళ్లు చేయనివ్వండి.

ఆ తర్వాత ఎంబీఏ అంటే భోపాల్ ఐఐఎఫ్‌ఎం, ఢిల్లీ టెరీ స్కూల్ చూడొచ్చు. వేరే కాలేజీ ఏదైనా సరే, ఫీజు కట్టే ముందు గత రెండు బ్యాచ్‌ల పిల్లలు ఏ హోదాల్లో చేరారో రాతపూర్వకంగా అడగండి. జాబితా నిండా బ్యాంకు సేల్స్ ఉద్యోగాలే ఉంటే, పేరులో సస్టెయినబిలిటీ ఉన్నా అది మామూలు ఎంబీఏనే.