పడ్డవాడి మాట ఎక్కడ?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం ఏకబిగిన చదివాను. చదువుతున్నంతసేపూ ఒళ్లు మండుతూనే ఉంది, ఒక్కచోట తప్ప. ఆ ఒక్కచోటు లేకపోతే నీకు ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

ముందు మంట సంగతి చెబుతాను. ప్రొఫెషనల్ రెజ్లర్ల ఆత్మకథల మీద రాయాలనుకున్నావు. చేవ ఉన్న విషయం. కానీ చేసిందేమిటి? పేజీని నిలువునా రెండుగా చీల్చి, ఒకవైపు 'పుస్తకంలో చెప్పింది', రెండోవైపు 'నిజంగా జరిగింది' అంటూ పట్టిక వేశావు. హల్క్ హోగన్ పద్దులో ఇన్ని అబద్ధాలు, రిక్ ఫ్లేర్ పద్దులో ఇన్ని. ఆఖర్న 'ఆటే బూటకమైనప్పుడు ఆటగాడి ఆత్మకథలో నిజం వెతకడం దండగ' అని తీర్పు చెప్పి చేతులు దులుపుకున్నావు. దండగైతే ఇన్ని పుస్తకాలు ఎందుకు చదివావు తల్లీ?

గెలుపోటములు ముందే రాసుకునే బూటకమన్న సంగతి కొత్తగా బయటపెట్టడానికేం లేదు. 1989లో న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు, ఈ పోటీలు నడిపే డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కంపెనీ వాళ్లే ఒప్పుకున్నారు, మాది పోటీ కాదు, వినోదం అని. క్రీడా కమిషన్ నిబంధనల నుంచి తప్పించుకోవడానికి ఆ మాట వాళ్లకు అవసరమైంది. అప్పటిదాకా రహస్యాన్ని ప్రాణంలా కాపాడుకున్నారు. దానికి వాళ్ల పేరు కేఫేబ్. రింగులో శత్రువులైనవాళ్లు బయట కూడా కలిసి కనిపించకూడదు. 1987లో రింగులో విలనైన ఐరన్ షేక్, హీరో అయిన జిమ్ డగ్గన్ న్యూజెర్సీలో ఒకే కారులో పోలీసులకు దొరికారు. కారులో దొరికిన మత్తు పదార్థాల కంటే, విలనూ హీరో పక్కపక్కన కూర్చుని ప్రయాణించడమే ఆ వృత్తికి పెద్ద అప్రతిష్ఠ అయింది. ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. ఇలాంటి కట్టుబాటులో ఏళ్లకేళ్లు బతికిన మనిషి మొదటిసారి 'నేను' అని రాయడానికి కూర్చుంటే, ఆ చెయ్యి ఎటు పోతుందో, ఎక్కడ ఆగుతుందో చూడాలి. నువ్వు చూసింది లెక్క తప్పులు.

పైగా ఆ వృత్తిలో ఎవరు గెలవాలన్నది ముందే రాసుకున్నా, పడటం మాత్రం ఎవరూ నటించలేరు. నుదుటి మీద రక్తం కావాలంటే, వేలికి చుట్టిన టేపులో చిన్న బ్లేడు ముక్క దాచుకుని, పడి ఉన్నప్పుడు ఎవరూ చూడకుండా తనే గీసుకుంటాడు. కథ కల్పితం. చర్మం తెగడం నిజం. ఈ రెండూ ఒకే క్షణంలో జరుగుతాయి. నీ పట్టికలో దీన్ని ఏ గడిలో వేస్తావు?

ఇప్పుడు ఆ ఒక్కచోటు. భారీకాయుడైన రెజ్లర్ ఆండ్రే ద జెయింట్ గురించి రాస్తూ బ్రాకెట్లో ఒక మాట పెట్టావు. చిన్నప్పుడు మీ తమ్ముణ్ణి ఎత్తి పరుపు మీద పడెయ్యబోతే, వాడు బిగదీసుకున్నంతసేపూ కదల్లేదనీ, నీ భుజం మీద చెయ్యి ఆనించి కాస్త ఎగిరేసరికి దూదిపింజలా లేచాడనీ రాశావు. అది బ్రాకెట్లో దాచాల్సిన వాక్యం కాదు. నీ వ్యాసం అంతా అక్కడే ఉంది. దాన్ని వదిలేసి పట్టికలోకి పరిగెత్తావు.

ఎత్తించుకునేవాడు సహకరించకపోతే ఎత్తేవాడి కండబలం ఎందుకూ కొరగాదు. అందుకే రెజ్లర్ల ఆత్మకథను నేను ఒకే ఒక్క ప్రశ్నతో చదువుతాను. తన కోసం పడ్డవాడి గురించి ఈ మనిషి ఏం రాశాడు? ఎన్ని పేజీలు ఇచ్చాడు, ఏ గొంతుతో ఇచ్చాడు? మిగతావన్నీ, పుట్టిన ఊరు, మొదటి బెల్టు, విడాకులు, మందు మానేసిన రోజు, ఎవరైనా రాస్తారు. ఎదుటివాణ్ణి రాయడం దగ్గరే మనిషి దొరికిపోతాడు. ఇది నా పట్టుదల అనుకో, మొండితనం అనుకో, ఎవరు చెప్పినా దీన్ని వదులుకోను.

హోగన్ సంగతే చూడు. 1987 మార్చి 29, మిషిగన్‌లోని పాంటియాక్ సిల్వర్‌డోమ్, ఆండ్రేతో పోరు. వచ్చిన జనం 93,173 అని ప్రకటించారు. 78 వేలకు మించరని తర్వాత లెక్క తేల్చినవాళ్లున్నారు. ఆండ్రేని ఎవరూ ఎత్తి పడెయ్యలేదని ప్రచారం చేశారు. 1980లో షియా స్టేడియంలో ఇదే హోగన్ ఇదే ఆండ్రేని ఎత్తాడు. ఇవన్నీ నువ్వు పట్టుకున్నావు, సరే. ఆ రోజు ఆండ్రే ఏ స్థితిలో ఉన్నాడో మాత్రం నీ పట్టికలో లేదు. వెన్నుకు ఆపరేషన్ అయింది. బట్టల కింద వెన్నుపట్టీ కట్టుకుని రింగులోకి వచ్చాడు. ఆ నడుముతో ఎత్తించుకోవడానికి, ఓడిపోవడానికి ఒప్పుకున్నాడు. ఆండ్రే తనను గెలవనిస్తాడో లేదో చివరి నిమిషం దాకా తెలియదని హోగన్ ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. ఆ మాట బరువు గమనించావా? ప్రతిదాన్నీ పెంచి చెప్పే మనిషి, తన జీవితంలోకెల్లా పెద్ద గెలుపు ఎదుటివాడి దయ అని తన నోటితోనే ఒప్పుకుంటున్నాడు. నువ్వు జనాన్ని లెక్కపెడుతూ ఈ వాక్యాన్ని దాటిపోయావు. ఆండ్రే 1993 జనవరిలో పోయాడు. ఆత్మకథ రాయలేదు.

ఈ పట్టుదల నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబుతాను. రాయడం మొదలుపెట్టిన రోజుల్లో పొట్ట గడవక ఇతరుల జీవితాలు రాసిపెట్టేవాణ్ణి. ఒక ముసలి రంగస్థల నటుడి దగ్గర కూర్చున్నాను. బిరుదుల గురించీ సన్మానాల గురించీ పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి, రాత్రిరాత్రీ తన చేతిలో 'చచ్చిపోయే' నటుడి మాట ఎత్తాడు. మాటలు చాలక లేచి వచ్చి నా మెడ వెనక అరచెయ్యి పెట్టాడు. "తల నేలకు తగలకుండా ఇక్కడ పట్టుకునేవాణ్ణి. ఒక్క రాత్రి నా చెయ్యి ఆలస్యమైంది" అన్నాడు. ఆ తర్వాత ఆ రెండో నటుడికి ఒక చెవి సరిగా వినిపించలేదట. అయినా పాతికేళ్లు ఇతని పక్కనే పడుతూ లేస్తూ ఉన్నాడట. ఆ ముసలాయన చేతి వణుకు నా మెడ మీద ఇప్పటికీ తెలుస్తుంది.

ఆ పేజీలు నేను మనసుపెట్టి రాశాను. ప్రచురణకర్త వాటిని ఎత్తేశాడు. "పాఠకుడికి హీరో కావాలండీ, పక్కవాడెందుకు?" అన్నాడు. ఆ చోట సన్మానం ఫొటోలు వేశాడు. పుస్తకం మీద నా పేరు లేనందుకు నాకు బాధ లేదు. ఆ పేజీలు లేనందుకు ఇవాళ్టికీ కోపం తగ్గలేదు. తర్వాత నేను చూసిన ఎడిటర్లలో ఎక్కువమందిది ఇదే వరస. ముందు పక్కవాణ్ణి కత్తిరిస్తారు.

రెజ్లర్ మిక్ ఫోలీని మాత్రం ఎవరూ కత్తిరించలేకపోయారు. కంపెనీ కుదిర్చిన ఘోస్ట్ రైటర్ రాత నచ్చక, నోటు పుస్తకాల కాగితాల మీద తనే చేత్తో రాసుకున్నాడు. 1999లో వచ్చిన 'హ్యావ్ ఎ నైస్ డే!' న్యూయార్క్ టైమ్స్ జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది. ప్రచురణకర్తలు రెజ్లర్ల వెంట పడటం ఆ తర్వాతే. ఈ పుస్తకానికి నువ్వు అర పేజీ ఇచ్చావు. 1998 జూన్ 28, పిట్స్‌బర్గ్. ప్రత్యర్థి అండర్‌టేకర్ అతణ్ణి రింగు చుట్టూ కట్టిన పదహారు అడుగుల ఇనుప బోను మీద నుంచి కిందికి తోశాడు. ఫోలీ మళ్లీ పైకెక్కాడు. ఈసారి బోను పైకప్పే ఊడి లోపలికి పడ్డాడు. అది అనుకున్నది కాదు. ఇదంతా నువ్వు రాశావు. ఆ దెబ్బతో తనకు ఏమీ గుర్తులేక, మ్యాచ్ అయ్యాక, రింగులో పరిచి మీద పడే డ్రాయింగ్ పిన్నులు వాడానా అని ఫోలీ అండర్‌టేకర్‌నే అడిగాడు. నీ చెయ్యి చూసుకో అన్నాడతను. పిన్నులు ఇంకా గుచ్చుకునే ఉన్నాయి. దీన్ని వదిలేశావు! తన శరీరానికి ఏమైందో తోసినవాణ్ణి అడిగి తెలుసుకోవాల్సిన మనిషి రాసిన ఆత్మకథ అది. అందులో అందరికంటే ఎక్కువ పడ్డవాడు తనే. అయినా ఎదుటివాళ్ల మీద ఫిర్యాదు కంటే వాళ్లతో చేసిన పని మీద ప్రేమే ఎక్కువ కనిపిస్తుంది నాకు.

బ్రెట్ హార్ట్ దగ్గరికి వచ్చేసరికి విషయం చిక్కబడుతుంది. నువ్వు బాగా నిలబడాల్సిన చోటు ఇదే. రోడ్డు మీద తిరిగినన్ని ఏళ్లూ టేప్ రికార్డర్‌లో డైరీ చెప్పుకున్నాడు. వాటి ఆధారంగా 2007లో 'హిట్‌మ్యాన్' రాశాడు. 1997 నవంబర్ 9న మాంట్రియల్‌లో తనను మోసం చేసి ఓడించిన సంగతి అందరూ చెప్పేదే. నువ్వూ దాని మీదే పేజీలు ఖర్చుపెట్టావు. దాన్ని తీసెయ్. 1992 ఆగస్టు 29న లండన్ వెంబ్లీ స్టేడియంలో జరిగినది చూడు. ఎదురుగా సొంత బావమరిది డేవీ బాయ్ స్మిత్. ఇంగ్లండ్ బిడ్డ, అతను గెలవాలని నిర్ణయం. 80 వేల జనం. మ్యాచ్ మొదలైన కాసేపటికే డేవీ అనుకున్నదంతా మరిచిపోయాడనీ, ఒక్కొక్క పట్టూ తానే చెవిలో చెబుతూ చివరిదాకా నడిపించి, అతని చేతిలో ఓడిపోయాననీ హార్ట్ రాస్తాడు.

నాకు ఇది చదివినప్పుడల్లా రెండు మనసులవుతుంది. పడ్డవాడి గొప్పతనం ఇంత వివరంగా ఇంకెవరూ చెప్పలేదు. తన చేతుల్లో ఎవరూ దెబ్బతినలేదన్నది హార్ట్ ఎప్పుడూ చెప్పుకునే గర్వం. 1999 డిసెంబర్‌లో గోల్డ్‌బర్గ్ అనే రెజ్లర్ కాలి తన్నుకు తన తలే దెబ్బతిని ఆట ముగిసిపోయిన మనిషి ఆ మాట అంటుంటే నమ్మాలనిపిస్తుంది. కానీ ఇక్కడ ఓడినవాడు గెలిచినవాడి చేతిలోంచి గెలుపును పుస్తకంలో వెనక్కి తీసుకుంటున్నాడు కదా. ఆ మాట నిజమే కావచ్చు. అయినా డేవీ 2002లో, 39 ఏళ్లకే పోయాడు. పుస్తకం వచ్చేసరికి, అవును అలాగే జరిగింది అనడానికీ, కాదనడానికీ అతను లేడు.

అదే డేవీ ఇంకో పుస్తకంలోనూ ఉన్నాడు. అతనితో కలిసి బ్రిటిష్ బుల్‌డాగ్స్ జట్టుగా ఆడిన కజిన్ టామ్ బిల్లింగ్టన్, డైనమైట్ కిడ్. గాల్లోంచి ఎగిరి తలతో పడటాన్నే తన ముద్ర చేసుకుని, నలభై నిండకముందే చక్రాల కుర్చీకి చేరిన మనిషి. 1999లో 'ప్యూర్ డైనమైట్' రాశాడు. తోటివాళ్లను పెట్టిన హింసను దాచలేదు, దానికి పెద్దగా చింతించనూ లేదు. డేవీ మీద చేదంతా వెళ్లగక్కాడు. ఒక పుస్తకంలో ఆ మనిషి ద్రోహి, ఇంకొక పుస్తకంలో దారి తప్పిన చుట్టం. డేవీ గొంతుతో చెప్పిన పుస్తకం లేదు. ఆ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుని డేవీ ఉన్న పేజీలు మాత్రమే చదువు. హార్ట్ ఎవరో, బిల్లింగ్టన్ ఎవరో, వాళ్లు తమ గురించి చెప్పుకున్న పేజీల కంటే అక్కడ ఎక్కువ తెలుస్తుంది.

ఫ్లేర్ మీద నువ్వు కక్షగా రాశావు. 2004 నాటి 'టు బీ ద మ్యాన్' మొదలయ్యేదే తన దత్తత కథతో. టెనెసీలో పసిపిల్లలను తల్లుల నుంచి కాజేసి అమ్మిన అనాథాశ్రమం ద్వారా వచ్చినవాడు, పుట్టినప్పటి తన పేరేదో తనకే ఖాయంగా తెలియనివాడు. అలాంటివాడు 'నేనే మొనగాణ్ణి' అని గొంతు చించుకుంటే దాన్ని పొగరు అని కొట్టిపారెయ్యకు. ఆ అరుపు వేళ్లన్నీ ఆ పుట్టుకలోనే ఉన్నాయి. ఛాంపియన్‌గా అతని అసలు పనేమిటో కూడా చూడు. ఊరూరా తిరిగి, అక్కడి హీరో ఇప్పుడో ఇంకాసేపట్లోనో గెలిచేస్తాడని జనం నమ్మేలా గంటసేపు దెబ్బలు తినడం. వృత్తి అంతా ఎదుటివాణ్ణి గొప్పగా చూపించడమే, పుస్తకంలో మాత్రం ఫోలీని పేరుగొప్ప స్టంట్‌మ్యాన్ అని ఈసడించాడు. ఆ తిట్టునే 2006లో ఇద్దరి పోరుకు కథగా మార్చి రింగులో అమ్ముకున్నారు. పుస్తకంలోంచి రింగులోకీ, రింగులోంచి పుస్తకంలోకీ ఇలా రాకపోకలుంటే, 'నిజంగా జరిగింది' అన్న నీ గడి ఎక్కడ మొదలవుతుంది?

ఇంకొకటి. నీ వ్యాసంలో ఆడవాళ్లు ఒక్కరూ లేరు. రెజ్లర్ ఏజే మెండెజ్ 2017లో తన బైపోలార్ జబ్బు గురించీ, కుటుంబంలోని పేదరికం గురించీ రాసింది. చదువు. చదివేటప్పుడు వెనక అట్ట మీద 'స్ఫూర్తిదాయకం' లాంటి మాట ఉంటే వేలితో మూసుకుని చదువు. ఈమధ్య ప్రతి జీవితమూ ఎవరికో ఒకరికి స్ఫూర్తినివ్వాలన్న జాడ్యం పట్టుకుంది. కష్టం, పతనం, పునరుత్థానం, చివర్లో ధన్యవాదాలు. పత్రికలూ అదే అడుగుతున్నాయి. నీ ఆఖరి పేరాలో 'ఈ యోధుల జీవితాలు మనకు నేర్పే పాఠం' అని ఉంది. అది ఎవరి కోసం రాశావో నాకు తెలుసు. కొట్టెయ్.

కలం పేరు గురించీ, పుస్తకంగా వెయ్యడం గురించీ అడిగావు. వాటి మీద ఇప్పుడు నాకు ఆసక్తి లేదు. పట్టిక తీసెయ్. తమ్ముడి సంగతి బ్రాకెట్లోంచి బయటికి తీసి మొదట్లో పెట్టు. వాడెలా పడ్డాడో, దెబ్బ తగిలిందా లేదా నువ్వు రాయలేదు. వాణ్ణే అడుగు, వాడు చెప్పింది చెప్పినట్టు రాయి. ఆ తర్వాత డేవీ బాయ్ స్మిత్ పేజీలు. ఈ రెండూ అయ్యాక పంపు. మిగతా వ్యాసం సంగతి అవి చదివాక మాట్లాడుకుందాం.