హార్డ్‌డిస్క్ మార్చే పనికి భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కంప్యూటర్స్ చేసి, ఎనిమిది నెలలుగా హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐటీ విభాగంలో పనిచేస్తోంది. జీతం 18 వేలు. మొన్న సర్వర్‌లో హార్డ్‌డిస్క్ పాడవుతోందని రాత్రి పదింటికి ఫోన్ వస్తే వెళ్లి, తెల్లారాక వచ్చింది. “స్క్రూడ్రైవర్ పట్టే పనికి డిగ్రీ ఎందుకు, వెబ్‌సైట్లూ, యాప్‌లూ తయారుచేయడం నేర్పే ఫుల్‌స్టాక్ కోర్సులో చేర్పించు” అని మా బావమరిది అంటున్నాడు. ఫీజు 70 వేలు. అమ్మాయేమో ఈ పనే బాగుందంటోంది. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఫీజు సంగతి తర్వాత చూద్దామండీ. అమ్మాయి ఈసారి ఇంటికి వచ్చినప్పుడు తీరిగ్గా ఒక మాట అడగండి: “ఉన్న రెండు డిస్కుల్లో తీయాల్సింది ఏదో నీకెలా తెలిసిందమ్మా?” “సార్ కిందది లాగమన్నారు, లాగాను” అంటే ఒక లెక్క. “సీరియల్ నంబర్ సరిచూసుకుని తీశాను” అంటే ఇంకో లెక్క.

ఎందుకో చెబుతాను. బిల్లింగ్, ల్యాబ్ రిపోర్టుల్లాంటివి ఉండే సర్వర్‌లో చాలాచోట్ల ఒకే సమాచారాన్ని రెండు డిస్కుల మీద ఒకేసారి రాస్తారు. దీన్నే మిర్రర్ అనీ, రెయిడ్ 1 అనీ అంటారు. ఒకటి పోయినా రెండోదాని మీద పని నడుస్తుంది. కౌంటర్ దగ్గర నిలబడ్డ పేషెంటుకు తేడా కూడా తెలియదు. మీ బావమరిదికి కనిపించినవి డిస్క్‌ను ట్రేకి బిగించే నాలుగు స్క్రూలు. వాటికి ఐదు నిమిషాలు చాలు. మరి తెల్లారే దాకా ఏం చేసినట్టు?

ముందు డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్ట్ చూస్తారు. అందులో ‘పెండింగ్ సెక్టార్లు’ అని ఒక అంకె ఉంటుంది. డిస్క్ చదవలేక, తర్వాత చూద్దామని గుర్తు పెట్టుకున్న చోట్లవి. ఆ అంకె రోజురోజుకూ పెరుగుతోందంటే డిస్క్ మార్చాల్సిందే. తర్వాత బ్యాకప్. తీసుకుంటే సరిపోదు, అందులోంచి ఒకటి రెండు ఫైళ్లు తెరిచి చూడాలి. ఎందుకంటే కొత్త డిస్క్ పెట్టాక, మిగిలిన పాత డిస్క్‌ను మొదటి నుంచి చివరి దాకా చదివి దీంట్లోకి ఎక్కించాలి. సాధారణంగా రెండూ ఒకే రోజు కొన్నవి, అన్నే గంటలు తిరిగినవి. ఇన్నాళ్లూ ఎవరూ ముట్టుకోని మూలలో దానికీ ఏదైనా జబ్బు ఉంటే, సరిగ్గా అప్పుడే బయటపడుతుంది.

అసలు టెన్షన్ డిస్క్ లాగే దగ్గర. రెండు ట్రేలూ ఒకేలా ఉంటాయి. సర్వర్లలో ఎక్కువగా వాడే ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్‌లో డిస్కులకు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని పేర్లుంటాయి గానీ, సర్వర్‌ను ఆపి ఆన్ చేస్తే అవి తారుమారు కావచ్చు. అందుకే పేరును నమ్మకుండా, కమాండ్ ఇచ్చి సీరియల్ నంబర్ తెలుసుకుని, డిస్క్ మీది లేబుల్‌తో ఒక్కో అక్షరం పోల్చుకోవాలి. పొరపాటున బాగున్నదాన్ని లాగితే, ఆసుపత్రి మొత్తం ఆ పాడవుతున్న డిస్క్ మీద ఆధారపడుతుంది.

కొత్త డిస్క్ పాతదానితో సమానంగానో, పెద్దదిగానో ఉండాలి. దాన్ని పాతదానిలాగే భాగాలుగా (పార్టిషన్లుగా) విడగొట్టి మిర్రర్‌లో కలిపితే డేటా ఎక్కడం, అంటే రీబిల్డ్, మొదలవుతుంది. 4 టెరాబైట్ల డిస్క్, సెకనుకు 150 మెగాబైట్ల వేగం అనుకుంటే ఏడు గంటలు దాటుతుంది. మధ్యలో సర్వర్ మీద పని పడితే ఇంకా ఆలస్యం. లైనక్స్‌లో ఈ తంతు స్క్రీన్ మీద చిన్నగా కనిపిస్తుంది: రెండు డిస్కులూ బాగుంటే బ్రాకెట్లలో రెండు ‘యూ’లు, ఒకటి లేకపోతే దాని స్థానంలో ఒక అడ్డగీత. ఆ గీత మళ్లీ ‘యూ’ అయ్యేదాకా ఇంటికి వెళ్లడానికి మనసొప్పదు.

ఒక్క పని మాత్రం చాలామంది మరిచిపోతారు. సర్వర్ ఆన్ కావడానికి కావాల్సిన బూట్‌లోడర్‌ను కొత్త డిస్క్ మీద కూడా విడిగా ఎక్కించాలి. ఎక్కించకపోయినా ఆ రోజు ఏమీ తెలియదు. ఏడాది తర్వాత రెండో డిస్క్ పోయినప్పుడు డేటా అంతా భద్రంగానే ఉంటుంది, సర్వర్ మాత్రం లేవదు. మీ అమ్మాయికి ఈ సంగతి తెలిసుంటే ఆమె మీద నాకు పెద్దగా బెంగ లేదు.

ఇంటర్వ్యూల్లో అడిగేది కూడా ఇవే. “మిర్రర్ ఉందిగా, బ్యాకప్ దేనికి?” అంటారు. ఎవరైనా ఫైలు డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోంచీ ఒకేసారి పోతుంది, ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ వచ్చినా రెండిటినీ కలిపే తాళం వేస్తుంది, అందుకని. “డిస్క్ పాడవుతోంది గానీ ఇంకా పనిచేస్తోంది, ఏం చేస్తావు?” అనేది ఇంకాస్త గట్టి ప్రశ్న. ఖాళీ స్లాట్ ఉంటే పాతది తీయకుండానే కొత్తది పెట్టి, డేటా మొత్తం అందులోకి వెళ్లాక పాతదాన్ని తప్పించాలి. ఇలా చెప్పగలిగే ఫ్రెషర్లు నాకు తక్కువే తగిలారు.

అలాగని డిస్కులు మార్చడమే కెరీర్ అనుకోకండి. హైదరాబాద్‌లో అమెజాన్ క్లౌడ్ రీజియన్ (డేటా సెంటర్ల సముదాయం) 2022 నవంబరులో మొదలైంది, విశాఖకు గూగుల్ 2025 అక్టోబరులో భారీ డేటా సెంటర్ ప్రకటించింది. పేపర్లో ఆ వేల కోట్లు చూసి ఆశ పెంచుకోవద్దు. డేటా సెంటర్‌కు బిల్డింగ్ సైజును బట్టి ఉద్యోగాలు ఉండవు. అక్కడ డిస్కులు పోవడం రోజువారీ సంగతే. మూడు లక్షలకు పైగా డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికా కంపెనీ తన లెక్కలు తానే ప్రకటిస్తుంది. 2024లో వాళ్లకు 1.57 శాతం పోయాయి. ఆ స్థాయిలో ఏ ర్యాక్‌లో ఏ స్లాట్ అన్నది సాఫ్ట్‌వేరే చెబుతుంది, టెక్నీషియన్ వెళ్లి మారుస్తాడు. అంతటితో ఆగిపోతే జీతమూ అక్కడే ఆగుతుంది. చిన్న ఆసుపత్రిలో ఆలోచించేదీ, చేసేదీ, మాట పడేదీ మీ అమ్మాయే కాబట్టి నేర్చుకునేది ఇక్కడే ఎక్కువ.

తర్వాతి మెట్టు లైనక్స్ అడ్మినిస్ట్రేషన్, దాంతోపాటు నెట్‌వర్కింగ్, కాస్త పైథాన్ ప్రోగ్రామింగ్. రెడ్ హ్యాట్ అనే లైనక్స్ కంపెనీ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్ఏ పరీక్ష ఈమెకు బాగా నప్పుతుంది. అందులో బిట్లు పెట్టడం ఉండదు, సిస్టమ్ మీద పని చేసి చూపించాలి. ప్రాక్టీసుకు ఖర్చేమీ లేదు. ల్యాప్‌టాప్‌లోనే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్ వేసుకుని, అందులో ఉత్తుత్తి డిస్కులు రెండు పెట్టుకుని, మిర్రర్ కట్టి దాని మీదే లైనక్స్ వేయాలి. ఒకటి పీకేసి మళ్లీ నిలబెట్టాలి, తర్వాత రెండోది పీకి సిస్టమ్ లేస్తుందో లేదో చూడాలి. చేసిన ప్రతి అడుగూ నోట్స్ రాసుకోమనండి.

నేనడగమన్న ప్రశ్నకు “సార్ చెప్పారు, లాగాను” అన్న జవాబే వచ్చినా, వెంటనే 70 వేలు కట్టొద్దు. నెలరోజులు ఇదే ప్రాక్టీసు చేయనివ్వండి. విసుగొస్తే అప్పుడు ఫుల్‌స్టాక్ ఆలోచిద్దాం. అదీ డెమో క్లాసులు విన్నాక, వాయిదాల్లో. “ప్లేస్‌మెంట్ గ్యారంటీ” అన్నచోట చేరిన వాళ్లలో నలుగురితో మాట్లాడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

ఇక 18 వేల జీతం మొదటి ఏడాదికి సరే. ఏడాదిన్నర దాటినా ప్రింటర్లూ, పాస్‌వర్డ్ రీసెట్లే ఎక్కువైతే కంపెనీ మారాల్సిందే. రాత్రి పిలుపుల విషయం మాత్రం ఇప్పుడే తేల్చుకోమనండి. రానూపోనూ క్యాబ్, మర్నాడు సెలవు ఇవ్వాలని మేనేజర్‌కి నోటిమాటగా కాకుండా మెయిల్ పెట్టమనండి, హెచ్‌ఆర్‌ని కూడా కాపీలో ఉంచి.