ఎడారి మీద ఉరుముల మబ్బు

ప్రశ్న: జులైలో జైసల్మేర్ దగ్గరి సమ్ ఇసుక తిన్నెల మీద కమ్ముకున్న మబ్బులను ఫొటో తీస్తే ఆకాశం తెల్లగా పాలిపోయింది, ఎడిటింగ్‌లో సరిచేస్తే ఇసుక నీలంగా మారింది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: పూర్తిగా తెల్లబారిన చోట మబ్బు వివరాలు మళ్లీ రావు కనుక, కెమెరాలో రా (RAW) ఫైల్, అంటే సెన్సర్ పట్టిన సమాచారాన్ని దాదాపు యథాతథంగా దాచే ఫైల్ ఎంచుకుని, మబ్బులో అన్నిటికన్నా వెలుగున్న అంచు నిలిచేంతవరకు ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి చేరే వెలుగు) తగ్గించి తీయండి, చీకటిపడిన నేలను తర్వాత కొంత తేటపరచవచ్చు. ఎడిటింగ్‌లో ఆకాశానికి, ఇసుకకు వేరువేరు మాస్కులు (మార్పులు ఎంచుకున్న భాగానికే పరిమితమయ్యేలా చేసే హద్దులు) పెట్టి, నీలి ఛాయను ఆకాశానికే పరిమితం చేయండి. ఆ ఇసుక పసుపే చిత్రానికి ప్రాణమని నా అభిప్రాయం. ముందుగా మన భద్రకాళి చెరువు గట్టున తొలకరి మబ్బులతో సాధన చేయండి. అన్నిటికన్నా ముఖ్యంగా, మెరుపు తర్వాత 30 సెకన్లలోపే ఉరుము వినిపిస్తే పిడుగు సుమారు 10 కిలోమీటర్లలోపే ఉన్నట్టు. ట్రైపాడ్‌ను అక్కడే వదిలి వెంటనే కారులో కూర్చోండి.