ఇంట్లోవాళ్లకు మందులు రాయవచ్చా?

ప్రశ్న: ఈమధ్యే ప్రాక్టీసు మొదలుపెట్టాను. అమ్మకు మూత్రంలో మంట, నాన్నకు బీపీ మాత్రలు, అక్కకు నిద్ర పట్టకపోవడం, అన్నింటికీ నన్నే చీటీ రాయమంటారు. రాయనంటే నొచ్చుకుంటున్నారు. రాస్తే తప్పేమిటి?

జవాబు: లోపం మీ చదువులో లేదు. బయటి రోగిని అడిగే ప్రశ్నలు ఇంట్లోవాళ్లను అడగలేం, చిక్కంతా అక్కడే. ఇంటివాళ్లు జబ్బుపడితే ఆ బెంగలో వైద్యుడి తీర్పు మసకబారుతుందని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1847లోనే తన నియమావళిలో రాసుకుంది.

మీ అమ్మగారి సంగతే చూడండి. మంట అనగానే యాంటీబయాటిక్ రాసేయడం తేలిక. ముట్లుడిగాక మళ్లీ రక్తం కనబడుతోందా అని పిల్లలు తల్లిని అడగరు, అడిగినా ఆవిడ చెప్పకపోవచ్చు. కనబడుతుంటే గర్భాశయ క్యాన్సర్ కాదని తేల్చుకోవాల్సిందే. పైగా కల్చర్‌కు మూత్రం ఇవ్వకముందే మాత్ర పడితే పరీక్షలో క్రిమి పెరగకపోవచ్చు. జబ్బు తిరగబెట్టినప్పుడు ఏ మందు పనిచేస్తుందో చెప్పే ఆధారం పోయినట్టే.

నాన్నగారి డాక్టరు అందుబాటులో లేక మాత్రలు అయిపోతే, పాత చీటీలోని మందే, అదే డోసులో, ఆయన్ను కలిసేదాకా సరిపడా రాయండి. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందైతే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం ఎప్పుడు చూశారో కనుక్కోకుండా నెలల తరబడి పొడిగించకండి.

అక్కగారి దగ్గర మాత్రం మెత్తబడొద్దు. నిద్రకని వాడే ఆల్ప్రజోలం, క్లోనజెపాం కొన్ని వారాల్లోనే అలవాటైపోతాయి, హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు. నిద్రలేమి వెనక మనసు కుంగుబాటు ఉందేమో, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయేమో బయటి డాక్టరు అడిగితేనే ఆమె నోరు విప్పగలుగుతుంది.

ప్రాణం మీదికొస్తే ఈ తర్జనభర్జన అక్కర్లేదు. పెద్దవాళ్లకు అనాఫిలాక్సిస్ (ప్రాణం తీసేంత తీవ్రమైన అలర్జీ) అయితే మి.లీ.కి 1 మి.గ్రా. ఉండే అడ్రినలిన్ ఇంజెక్షన్ 0.5 మి.లీ. తొడ బయటివైపు కండలోకి ఇచ్చి వెంటనే ఆసుపత్రికి చేర్చండి. ఆ తర్వాత వైద్యం అక్కడివాళ్లకు వదిలేయండి.

తప్పనిసరై ఏది రాసినా తేదీ, లక్షణాలు, అలర్జీలు, అప్పటికే వాడుతున్న మందులు, డోసు, ఎన్ని రోజులో కాగితం మీద పెట్టి వాళ్ల డాక్టరుకు అందజేయండి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారికి తెలియక మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఇస్తే రక్తస్రావం దాకా వెళ్లవచ్చు.

ఇక నొచ్చుకోవడం గురించి. “రాయను” అనే బదులు “డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను” అనండి. రిపోర్టులు వరసగా సర్దండి, ఆయన చెప్పింది ఇంటికొచ్చాక విడమర్చండి. గదిలో సొంత విషయాలు అడగడం మొదలవగానే మీరు కాసేపు బయట కూర్చోండి.