కాజా కోసం కేకు బొమ్మ

ప్రశ్న: మాది కావలి. బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం చదువుతున్నాను. తొమ్మిదేళ్ల మా తమ్ముడికి ఆటిజం, మాటలు చాలా తక్కువ. బొమ్మ నొక్కితే మాట పలికే యాప్‌ను ట్యాబ్‌లో వాడుతున్నాడు. అందులో కాజా బొమ్మ లేదు; కాజా కావాలన్నా కేకు బొమ్మే నొక్కుతాడు. ఇలాంటి పిల్లల కోసం సాఫ్ట్‌వేర్ తయారు చేయాలని ఉంది. బీటెక్ మానేసి స్పెషల్ ఎడ్యుకేషన్‌లో చేరమంటారా?

జవాబు: మానకండి. బీటెక్ పూర్తయ్యాక కూడా స్పెషల్ బీఈడీ చేయవచ్చు. అప్పుడైనా ఆ కోర్సుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందో లేదో చూశాకే ఫీజు కట్టండి.

ముందు కాజా సంగతి. ఇలాంటి యాప్‌లలో చాలావాటికి సొంత ఫోటో చేర్చుకునే వీలుంటుంది. ఈ సాయంత్రమే ఒకటి తీసి పెట్టండి. పాత బొమ్మలను మాత్రం చోటు మార్చకండి. మనం టీవీ రిమోట్‌ను చూడకుండా నొక్కినట్లే, చెయ్యి ఎటు వెళ్లాలో ఆ పిల్లలకూ అలవాటైపోతుంది.

మీలాంటివారు చేయాల్సిన అసలు పని తెలుగులో ఉంది. ఇంగ్లిష్‌లో 'ఐ వాంట్', 'ఐ డ్రింక్' రెండింటికీ 'ఐ' బొమ్మ ఒక్కటే చాలు. మనకు 'నాకు కావాలి', 'నేను తాగుతాను'. ఇంగ్లిష్ అచ్చులో పోసిన యాప్‌లో మీ తమ్ముడు మూడు బొమ్మలు నొక్కితే 'నేను నీళ్లు కావాలి' అని వినిపిస్తుంది. ఆ విభక్తిని సరిదిద్దే ప్రోగ్రాం రాయండి, ప్రాజెక్టుకు అంతకంటే మంచి విషయం నాకు తోచడం లేదు. అయితే సరిదిద్దడం వేరు, బిడ్డ నొక్కని మాటలు కలిపి మాట్లాడించడం వేరు. రెండోది చేయకండి.

ఇంజినీర్లకు ఇందులో చోటు లేదనుకోకండి. పక్కనే చెన్నైలో పుట్టిన, బొమ్మలతో మాట పలికించే 'ఆవాజ్'ను తయారు చేసిన అజిత్ నారాయణన్ ఐఐటీ మద్రాసులో చదివినవారే. అలాగని అంతా యంత్రంతోనే జరగదు. 1985లో అమెరికాలో మొదలైన 'పెక్స్' పద్ధతికి కంప్యూటరే అక్కర్లేదు: పిల్లవాడు బొమ్మ కార్డు చేతికిస్తే, ఆ వస్తువు ఇస్తారు. అది పనిచేసే తీరు చూడకుండా కోడ్ మొదలుపెడితే, చప్పట్లూ బాణసంచా నిండిన మరో ఆట తయారవుతుంది. శబ్దం భరించలేని పిల్లలు దాన్ని విసిరికొడతారు.

నెల్లూరులో వికలాంగుల కోసం కేంద్ర ప్రభుత్వ కాంపోజిట్ రీజనల్ సెంటర్ ఉంది. సెలవుల్లో వెళ్లి, అనుమతి అడిగి, స్పీచ్ థెరపిస్టు పక్కన కూర్చోండి. కొన్నాళ్లు చూడండి, అంతే.

ఉద్యోగం మాట దాచను. కేవలం ఆటిజం యాప్‌ల మీదే జీతమిచ్చే కంపెనీలు తక్కువ. మొదట మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే రావచ్చు. అందులోనే వికలాంగులకు అనువుగా వెబ్‌సైట్లను పరీక్షించే పని నేర్చుకోండి, దానికి గిరాకీ ఉంది. డిజైన్ వైపు వెళ్లాలనుకుంటే ఐఐటీల్లో ఎం.డిజైన్ కోసం ఐఐటీ బొంబాయి నిర్వహించే 'సీడ్' పరీక్షను ఫైనలియర్‌లోనే రాయవచ్చు. అందులో బొమ్మలు గీయమంటారు, పెన్సిలు ఇప్పుడే పట్టండి.