లాగోస్ మిరప కూర అమలాపురంలో

ప్రశ్న: మా అబ్బాయి నైజీరియాలోని లాగోస్‌లో నాలుగేళ్లు ఉండి వచ్చాడు. అక్కడి ఎర్ర మిరప స్ట్యూ చేయమంటున్నాడు. ఆ మిరపకాయలు మన సంతలో దొరకవు, ఏం చేయను?
- ఒక తల్లి, అమలాపురం

జవాబు: టెన్షన్ పడకండమ్మా. అక్కడ వాడేది స్కాచ్ బోనెట్ అనే గుండ్రటి, మహా ఘాటైన మిరప. దాని బదులు పండు మిరపకాయలు నాలుగైదు చాలు. మూడు ఎర్ర క్యాప్సికమ్‌లు, రెండు టమాటాలు, ఒక ఉల్లిపాయ కలిపి రుబ్బి, నీరంతా ఇగిరేదాకా ముందు ఉత్తినే ఉడకనివ్వండి, తర్వాతే నూనెలో వేయించాలి. అసలు కిటుకంతా ఇక్కడే, నూనె పైకి తేలి పచ్చి పులుపు పోయేదాకా వేగాలి, అరగంటైనా పడుతుంది, తొందరపడితే టమాటా పచ్చడిలా ఉంటుంది. చింతపండు, గరం మసాలా జోలికి వెళ్లకండి, మన చెయ్యి ఊరుకోదని తెలుసు గానీ! మేకమాంసం విడిగా ఉడికించి, ఆ నీళ్లతో సహా కలపండి. అక్కడ ఇందులో వాసనకి వేసే థైమ్ ఆకు లేకపోతే చిటికెడు వాము వేయండి, రెండింటిలోనూ థైమాల్ అనే వాసననిచ్చే పదార్థం ఉంటుంది కాబట్టి వాసన దగ్గరగానే వస్తుంది. కొన్ని వంటల్లో అక్కడివాళ్లు వాడే ఎర్రటి ముడి పామాయిల్, మన కొట్లో ప్యాకెట్ పామాయిల్ ఒకటి కావు, అందుకని దీనికి వేరుశనగ నూనె వాడేయండి. వేడన్నంలోకి బాగుంటుంది.